పుంగనూరు పిల్లకు స్పానిష్ ఎందుకట?

మా ఆడపడుచు కూతురు హైదరాబాదులో బి.ఎ. స్పానిష్ చదువుతోందని చెబితే చాలు, మదనపల్లెలో నన్నడిగే మొదటి ప్రశ్న "ఇంజనీరింగులో సీటు రాలేదా?" అని. రెండోది "రేపు పెళ్లెట్లా చేస్తారు?" అని. ఆ భాష ఎట్లా ఉంటుంది, అందులో ఏం చదువుతారు అని అడిగినవాళ్లు ఇంతవరకు ఇద్దరే. ఆ ఇద్దరి కోసమే ఇది రాస్తున్నాను. మిగతావాళ్లు చదివినా సంతోషమే!

పిల్లది పుంగనూరు. పదో తరగతిదాకా తెలుగు మీడియం. ఇంటర్ అయ్యాక ఇఫ్లూ ప్రవేశపరీక్ష రాస్తానంది. మా కాలేజీ రోజుల్లో దాన్ని సీఫెల్ అనేవాళ్లు. 1958లో ఇంగ్లీషు కోసం పెట్టిన సంస్థ 1972లో విదేశీ భాషలనూ కలుపుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. స్పానిష్‌లో ఒక్క ముక్క రాకపోయినా బి.ఎ.లో చేర్చుకుని ఓనమాల నుంచి చెబుతారు.

"ఆ ఖర్చేదో నర్సింగుకు పెడితే ఉద్యోగమన్నా వస్తుంది కదమ్మా" అన్నారు అన్నయ్యగారు. ఆయన మాటా తీసెయ్యలేం. పాలు పోసి, టమోటా పండించి పిల్లల్ని చదివించే ఇల్లు. చివరికి తేల్చింది కుప్పంలో ఉండే వాళ్ల అవ్వ. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ సంతలో తమిళం, చుట్టాలతో కన్నడం, ఇంట్లో తెలుగు. "నాకు మూడొస్తాయి, నేనేమన్నా చెడిపోతినా? దానికి ఇంగోటొస్తే ఏమి?" అనింది.

మొదటి నెలలన్నీ ఫోన్లో ఏడుపే. వ్యాకరణం వివరించేది ఇంగ్లీషులో. పక్కపిల్లలు గడగడా ప్రశ్నలడుగుతుంటే ఇది నోరు విప్పేది కాదు. ఉచ్చారణ దగ్గరికొచ్చాక కథ మారింది. స్పానిష్‌లో త, ద మనవిలాగే పళ్లకు తగిలి పలుకుతాయి. ఇంగ్లీషు ట, డలకు అలవాటుపడ్డ నాలుకలు అక్కడ తడబడతాయట. 'పెరో'లో ర తేలిగ్గా పలికితే 'కానీ' అని అర్థం, గట్టిగా దొర్లిస్తే 'కుక్క'! మన పాత పుస్తకాల్లో బండి ఱ గుర్తుందా? అదన్నమాట. 'ఆబ్లో' అంటే 'మాట్లాడతాను', 'ఆబ్లామోస్' అంటే 'మాట్లాడతాం'. నేను, మేము అని విడిగా చెప్పనక్కర్లేదు, మనలాగే క్రియ చివరే తెలిసిపోతుంది. నువ్వు, మీరు అనే తేడా కూడా ఉంది. మదనపల్లె మార్కెట్లో రోజూ లారీలకెక్కే టమోటా వాళ్లకు 'తొమాతే'. మెక్సికో మూలవాసుల మాట అది. స్పెయిన్ వాళ్లు కాయతోపాటు మాటనూ ఓడెక్కించారు.

చిక్కులూ ఉన్నాయి. బల్ల ఆడది, పుస్తకం మగది! ఎందుకని అడగకూడదు, కంఠతా పట్టాల్సిందే. అక్కకూ చెల్లెలికీ ఒకటే మాట, మేనమామకూ బాబాయికీ ఒకటే మాట. "అంత కరువేమిటే వాళ్లకు!" అని మా వదిన జాలిపడింది.

ఇంటిపేర్ల దగ్గర మాత్రం కరువు మనదే. స్పెయిన్‌లో బిడ్డకు తండ్రిదొకటి, తల్లిదొకటి, రెండు ఇంటిపేర్లు. పెళ్లయినా ఆడపిల్ల ఇంటిపేరు మారదు. లాటిన్ అమెరికాలోనూ రెండు పేర్ల వాడుక ఉంది. కొలంబియా రచయిత గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ పేరులో గార్సియా తండ్రిది, మార్క్వెజ్ తల్లిది. మనమంతా ఆయన్ను తల్లి ఇంటిపేరుతో పిలుస్తున్నామన్నమాట! అమ్మానాన్నలు ఒప్పుకుంటే తల్లి పేరే ముందు పెట్టుకోవచ్చని స్పెయిన్‌లో 1999లో చట్టం కూడా చేశారు. ఇది విన్న రోజు మా వదిన ట్రంకుపెట్టె తీసి, పుట్టింటి పేరున్న తన పదో తరగతి సర్టిఫికెట్ చాలాసేపు చూసుకుంది.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. 1919లో టాగూరు మన మదనపల్లె కాలేజీలో కూర్చుని జనగణమనను ఇంగ్లీషు చేశారని మనకు గర్వం. అప్పటికే స్పెయిన్‌లో సెనోబియా కాంప్రూబీ అనే ఆమె, భర్త, కవి హిమేనెస్ తోడుగా, టాగూరును ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి తెస్తోంది. మొదటి పుస్తకం 1915లో వచ్చింది. 1956లో భర్తకు నోబెల్ ప్రకటించిన మూడు రోజులకు ఆమె కన్నుమూసింది. మదనపల్లెలో ఆమె పేరు విన్నవాళ్లెందరు?

ఇక ఉద్యోగం మాట. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. అనువాదం, పర్యాటకం, కంపెనీల పనులు, టీచరు ఉద్యోగం, దారులున్నాయి. అంత దూరం ఎందుకు, కుప్పం, పుంగనూరు, మదనపల్లె మీదుగా పోయే రోడ్డే కదిరి దాటి అనంతపురం చేరుతుంది. బార్సిలోనాలో పుట్టిన ఫాదర్ ఫెర్రర్ 1969లో అక్కడ ఆర్డీటీ మొదలుపెట్టారు. స్పెయిన్ దాతలు పల్లె పిల్లలకు రాసే ఉత్తరాలు, పిల్లల జవాబులు ఎవరో ఒకరు తర్జుమా చెయ్యాలి కదా. డిగ్రీ అయిన పల్లె పిల్లలకు విదేశీ భాషలు నేర్పే బడి కూడా ఆ సంస్థకుంది. స్పెయిన్ ప్రభుత్వం తరఫున జరిగే డేలే పరీక్షలో ఆరు మెట్లు. ఒక మెట్టు పాసైతే ఆ సర్టిఫికెట్‌కు గడువంటూ లేదు.

మా పిల్ల ఇప్పుడు రెండో సంవత్సరం. సంక్రాంతికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, అన్నీ బాగున్నాయి; చదువు ఇంతటితో చాలన్నారు. అన్నయ్యగారు అవుననలేదు, కాదనలేదు. పోయిన వారం మాత్రం టమోటా డబ్బులు చేతికి రాగానే వచ్చే సెమిస్టరు ఫీజు కట్టేశారు.