క్రీడారంగమునుండి న్యాయపీఠమునకు

అమెరికా ఫుట్‌బాలు మన బాలురు కాలితో నాడు ఆట వంటిది కాదు. బంతిని చేతబట్టి ముందునకు చొచ్చుకొనిపోవుటయే యందు ప్రధానము. అట్లు చొచ్చువారిని నిలుపువారికి కీర్తి యరుదు. అట్టి రక్షకులలో అలన్ పేజి యొకడు. 1967 మొదలు మిన్నెసోటా వైకింగ్సు జట్టున నాడి, 1971లో ఆ లీగంతటికిని ఉత్తమ క్రీడాకారుడుగ నెన్నికయ్యెను. రక్షకులలో నీ గౌరవమందిన ప్రథముడీయనయే. మేము మెచ్చునది వేఱు. ఆడుచునే న్యాయశాస్త్రము చదివి 1978లో పట్టమందెను. ఆ యేడే, దూరపు పరుగుల సాధనచే దేహము సన్నగిలియున్న యీయనను జట్టువారు విడిచిరి. పిమ్మట చికాగో బేర్సు పక్షమున 1981 వఱకు నాడెను. 1993 మొదలు, డెబ్బదియేండ్లు నిండిన 2015 వఱకు, మిన్నెసోటా సుప్రీంకోర్టున న్యాయమూర్తి. ఆ పీఠమెక్కిన మొదటి నల్లజాతీయుడు. ఈయన జన్మస్థానమగు కాంటనులో నీ యాటవారికొక కీర్తిమందిరము గలదు. 1988లో నందు చేర్చుకొన్ననాడు, సభకీయనను పరిచయము చేసినది పూర్వపు శిక్షకుడు కాదు, ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయిని.