పాఠం ఊళ్లోనే తయారు చేసుకోవచ్చు!
కంప్యూటరు ఉంటే చాలదు, ప్రశ్న అడగడం తెలియాలి

పురుగుమందు డబ్బా మీద, మూల మీద నిలబెట్టిన చదరంలాంటి గుర్తు ఒకటి ఉంటుంది. దాని కింది సగంలో ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో వేసి ఉంటారు. మందు ఎంతటి విషమో చెప్పేది ఆ రంగే. ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైన విషం. దాని తరువాత పసుపు, ఆ తరువాత నీలం. ఆకుపచ్చ అన్నిటిలోకీ తక్కువ. తక్కువంటే విషం కాదని అర్థం కాదు. డబ్బా మీది అక్షరాలు చదవలేని కూలీ కూడా చూడగానే గ్రహించాలనే ఈ రంగులు పెట్టారు.

కాని మందు కొట్టేవారిలో ఈ సంగతి ఎందరికి తెలుసు? అధికారులు సమావేశం పెట్టి చెబుతారు. ఆ రోజు కూలీ చేనులో ఉంటాడు. కరపత్రాలు పంచుతారు. చదువు రాని వారికి అవి అక్కరకు రావు. ఫోనులో వీడియోలు ఎన్నో వస్తున్నాయి గదా అంటే, వాటిలో మాట మన జిల్లా మాట కాదు, పంట మన పంట కాదు. పైగా చూసినవాడికి అర్థమైందో లేదో అడిగేవారు లేరు.

ఈ లోటును ఊళ్లోవారే తీర్చుకునే వీలు ఇప్పుడుంది. బొమ్మ చూపి, తెలుగులో చెప్పి, మధ్యలో ప్రశ్న అడిగి, తప్పు చెబితే అది ఎందుకు తప్పో వివరించే పాఠాన్ని బడి పంతులుగారో, డిగ్రీ చదివిన కుర్రవాడో, మహిళా సంఘం లెక్కలు రాసే అమ్మాయో తయారు చేయవచ్చు. కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం రానక్కరలేదు. ఇందుకు ఉపయోగపడే సాధనాలను ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ అంటారు. పాఠాలు కూర్చే సాఫ్ట్‌వేర్ అనుకుంటే సరిపోతుంది. బొమ్మ, మాట, వీడియో, ప్రశ్న ఈ నాలుగింటినీ ఒక వరుసలో అమర్చి పెట్టడం దాని పని.

టీవీ చెప్పింది, అడగలేదు

బొమ్మలతో పాఠం మన పల్లెలకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారం చేశారు. దానికి 'సైట్' అని పేరు. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. వ్యవసాయం, ఆరోగ్యం వంటి విషయాలు తెలుగులోనే చెప్పారు. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇవ్వడానికి టీవీ, రేడియో, అచ్చు పుస్తకాలు, చేసి చూసే ప్రయోగాలు కలిపి ఒక కట్టగా వాడారు. ఇప్పుడు మల్టీమీడియా అంటున్నది అదే.

అయితే టీవీకి ఒక పరిమితి ఉంది. అది చెప్పగలదు గాని అడగలేదు. చూసేవారు తప్పుగా అర్థం చేసుకుంటే దానికి తెలియదు. బడిలో పంతులు పిల్లవాణ్ణి లేపి నిలబెట్టి అడుగుతాడు. ఆ పని యంత్రం చేత చేయించాలన్న ఆలోచనలోంచే ఈ సాఫ్ట్‌వేర్ పుట్టింది.

1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ అనే ఇంజనీరు 'ప్లేటో' అనే పేరుతో కంప్యూటరు పాఠాల ఏర్పాటును మొదలుపెట్టారు. మొదట్లో పాఠం తయారు చేయాలంటే కంప్యూటరు నిపుణుడే కూర్చోవాలి. తరువాత పాఠాలు రాయడానికే 'ట్యూటర్' అనే తేలిక భాషను తయారు చేశారు. దాంతో పాఠం చెప్పేవారే పాఠం రాయగలిగారు. 1972 ప్రాంతంలో వచ్చిన ప్లేటో తెర మీద వేలితో తాకి జవాబు చెప్పే ఏర్పాటు కూడా ఉండేది. 1987లో ఆపిల్ కంపెనీ తెచ్చిన హైపర్‌కార్డ్‌తో, పేకముక్కల కట్టలా ఒక్కో తెరను పేర్చి, ఏది తాకితే ఏది రావాలో మామూలు మనిషే నిర్ణయించడం సాధ్యమైంది.

ముందు కాగితం, తరువాతే కంప్యూటరు

కొత్తగా మొదలుపెట్టేవారు చాలామంది ముందు సాఫ్ట్‌వేర్ తెరిచి కూర్చుంటారు. రంగులు మార్చడంలో, అక్షరాలు ఎగిరించడంలో రెండు రోజులు గడిచిపోతాయి. పాఠం మాత్రం ముందుకు పోదు. అందువల్ల మొదట కాగితం, పెన్ను పట్టుకోవాలి.

పాఠం పూర్తయ్యాక నేర్చుకున్నవాడు ఏం చేయగలగాలి? ఇది ఒక్క వాక్యంలో రాయాలి. 'పురుగుమందుల గురించి తెలుసుకోవాలి' అని రాస్తే లాభం లేదు. 'డబ్బా మీది రంగు చూసి ఏ మందు ఎక్కువ ప్రమాదమో చెప్పగలగాలి' అని రాయాలి. అప్పుడు ఏం చూపాలో, ఏం అడగాలో దానంతటదే తేలుతుంది. డబ్బా గుర్తు ఒక పాఠం. మందు కలపడం ఒక పాఠం. చేనులో కొట్టడం ఇంకొకటి. పని ముగిశాక కడుక్కోవడం వేరొకటి. ఒక్కొక్కటి మూడు నాలుగు నిమిషాలు మించకుండా చూసుకోవాలి.

తరువాత ప్రశ్నలు రాయాలి. అసలు కష్టం ఇక్కడే ఉంది. ఉదాహరణకు స్ప్రేయరు నాజిల్ మూసుకుపోయింది, మీరు ఏం చేస్తారు అని అడిగామనుకోండి. 'నోటితో ఊదుతాను', 'పిన్నీసు పెట్టి పొడుస్తాను', 'విప్పి నీళ్లతో, మెత్తని బ్రష్షుతో కడుగుతాను' అని మూడు జవాబులు పెట్టాలి. మొదటి రెండూ ఊరికే కల్పించినవి కావు, చేలలో కనిపించేవే. పాఠంలో పెట్టే తప్పు జవాబు నిజంగా జనం చేసే తప్పు అయి ఉండాలి. ఎవరూ చేయని తప్పు పెడితే ఎవరూ దాన్ని ఎంచుకోరు, ఎవరూ ఏమీ నేర్చుకోరు.

తప్పు చెప్పినవారికి 'తప్పు, మళ్లీ ప్రయత్నించండి' అని వదిలేయకూడదు. ఊదుతానన్న వారికి మందు నోట్లోకి పోతుందని చెప్పాలి. పిన్నీసు అన్నవారికి రంధ్రం పెద్దదై మందు ఎక్కువ పడుతుందని చెప్పాలి. ఏ తప్పుకు ఆ సమాధానం వేరుగా ఇవ్వడమే ఈ సాఫ్ట్‌వేర్ ప్రత్యేకత. ఆ సౌకర్యం వాడుకోకపోతే వీడియోకూ దీనికీ తేడా లేదు.

రాసిన మాటలను ఫోనులోనే రికార్డు చేయవచ్చు. ఫ్యాను ఆపి, తలుపులు వేసి, ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే సరిపోతుంది. బొమ్మలు మన చేనులో, మన డబ్బాలతో మనమే తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు ఇతరుల సొత్తు. ఫొటోలో మనుషులు ఉంటే వారిని అడిగి తీయాలి.

వెనుక సినిమా పాట పెడితే బాగుంటుందని అనిపించవచ్చు. అది పొరపాటు. పాఠానికి సంబంధం లేని సంగీతం, బొమ్మలు చేరిస్తే నేర్చుకోవడం తగ్గుతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు రిచర్డ్ మేయర్ పరిశోధనలు తేల్చాయి. బొమ్మ పక్కన అక్షరాలు నింపడం కంటే బొమ్మ చూపుతూ నోటితో చెప్పడం మేలని కూడా ఆయన చెప్పారు. చదువు రానివారికి ఇది మరీ అనుకూలం.

సాఫ్ట్‌వేర్ పోతే పాఠం పోతుందా?

పోతుంది, జాగ్రత్త పడకపోతే. ఒకప్పుడు ఆథర్‌వేర్ అనే సాధనంతో కంపెనీలు, కళాశాలలు ఎన్నో పాఠాలు చేశాయి. 2007లో దాన్ని అభివృద్ధి చేయడం ఆపేశారు. తరువాత అందరూ ఫ్లాష్ మీద పడ్డారు. 2020 డిసెంబరు 31తో దానికీ కాలం చెల్లింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ పాఠాలను ఆ కంపెనీయే నడవకుండా నిలిపివేసింది. ఏళ్ల తరబడి చేసిన పాఠాలు తెరుచుకోకుండా పోయాయి.

కనుక పాఠం తయారయ్యాక రాసిన కాగితం, తీసిన ఫొటోలు, రికార్డు చేసిన గొంతు విడివిడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో దాచాలి. ధాన్యం అమ్మినా విత్తనం దాచుకున్నట్టే ఇది. అవి ఉంటే ఏ కొత్త సాధనంలోనైనా పాఠాన్ని మళ్లీ కూర్చుకోవచ్చు.

డబ్బు పెట్టకుండా దొరికే సాధనాలూ ఉన్నాయి. 2013లో నార్వేలో మొదలైన హెచ్‌ఫైవ్‌పి అలాంటిది. వీడియోలో మనం కోరిన చోట ఆపి ప్రశ్న అడిగే ఏర్పాటు అందులో ఉంది. న్యూజిలాండ్‌లో పుట్టి, తరువాత స్పెయిన్‌లో పెరిగిన ఎక్స్‌లెర్నింగ్ ఇంకొకటి. దాన్ని కంప్యూటరులో ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే పని చేసుకోవచ్చు. తయారైన పాఠాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని బడిలోని కంప్యూటరులో తెరవవచ్చు. ఫోన్లకు అందాలంటే ఇంటర్నెట్‌లో ఉంచి లింకు పంపాలి. సిగ్నల్ లేని ఊళ్లో ఒట్టి వీడియోనే ఫోను నుంచి ఫోనుకు పంపుకోవచ్చు. అప్పుడు ప్రశ్న వచ్చిన చోట వీడియో ఆపి, చూపించేవారే నోటితో అడగాలి.

తెలియనివాడే పరీక్షాధికారి

ఐఐటీ బొంబాయి వారు 'స్పోకెన్ ట్యుటోరియల్' పేరుతో కంప్యూటరు పాఠాలు తయారు చేస్తున్నారు. ఒక్కొక్కటి పది నిమిషాల ప్రాంతంలో ఉంటుంది. తెలుగులోనూ ఉన్నాయి. వారి పద్ధతిలో ఒక నియమం మనం నేర్చుకోదగ్గది. పాఠం రాశాక రికార్డు చేసే ముందు, ఆ విషయం ఏమాత్రం తెలియని ఒకరికి ఇస్తారు. ఆ మనిషి రాసింది రాసినట్టు చేసి చూడాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ పాఠంలోనే లోపం ఉందన్నమాట. రాసినవారు దిద్దుతారు.

మన పాఠానికి ఇటువంటి పరీక్షలు రెండు కావాలి. రాసిన దాన్ని ముందుగా వ్యవసాయ అధికారికో, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తకో చూపాలి. విషం సంగతి కనుక ఇందులో మొహమాటం పనికిరాదు. మోతాదు ఒక్క అంకె తప్పు చెబితే దాన్ని నమ్మి చేసినవాడు నష్టపోతాడు. అసలు పాఠం లేకపోవడం కంటే తప్పు పాఠం ఉండటమే ఎక్కువ చేటు.

రెండో పరీక్ష ఊళ్లోనే జరగాలి. మందు కొట్టే కూలీల్లో చదువు రాని ఒకరికి ఫోను ఇచ్చి పక్కన కూర్చోవాలి. ఏమీ చెప్పకూడదు, వేలు పెట్టి చూపించకూడదు. ఆయన ఎక్కడ తికమకపడ్డారో, ఏ మాట అర్థం కాక మీ ముఖం చూశారో రాసుకోవాలి. 'విషప్రభావం' అన్న చోట ఆగిపోతే 'మందు తగిలితే వచ్చే బాధ' అని మార్చాలి. పాఠం ముగిశాక నాలుగు డబ్బాల ఫొటోలు ముందు పెట్టి, ఏది ఎక్కువ ప్రమాదమో చూపమనాలి. ఎవరికైనా మందు తగిలితే ఆస్పత్రికి వెళ్లేటప్పుడు వెంట ఏం తీసుకెళ్లాలో అడగాలి. డాక్టరుకు చూపడానికి ఆ మందు డబ్బా గాని, దాని లేబుల్ గాని అని చెబితే పాఠం అక్కరకు వచ్చినట్టే. చెప్పలేకపోతే ఆయన తప్పేమీ లేదు. ఇంటికి వచ్చి మళ్లీ కాగితం తీయాలి.

ఒక్క కంప్యూటరు, ఒక్క ఫోను, పదిహేను రోజుల సాయంత్రాలు ఉంటే మొదటి పాఠం తయారవుతుంది. చదువుకున్న యువతీయువకులు వచ్చే పంటకాలంలో మందు కొట్టే రోజులకు ముందే ఈ పనికి పూనుకోవాలి. చేలోకి దిగేవారిలో ఒక్కరైనా డబ్బా మూత తీసే ముందు రంగు చూస్తే ఆ శ్రమకు ఫలితం దక్కినట్టే.