పందిరి చూసి పెళ్ళి చెప్పవచ్చునా?



మన వీధిలో ఎవరింటి ముందైనా పందిరి గుంజలు పాతుతున్నారనుకోండి. మనం ఊరుకుంటామా? కూరల బండి దగ్గర నిలబడే లెక్క కట్టేస్తాం. "పెద్దమ్మాయికి కుదిరినట్టుంది వదినా!" అంటుంది ఒకావిడ. "కాదండీ, అబ్బాయికి ఒడుగట" అంటుంది మరొకావిడ. గాడిపొయ్యి ఎంత పొడుగు తవ్వారో చూసి ఎన్ని విస్తళ్ళు లేస్తాయో చెప్పగల ఘనులు కూడా ఉన్నారు మనలో. శుభలేఖ చేతికి వచ్చేలోపల పెళ్ళికొడుకు జీతం దాకా తేల్చేస్తాం. అందులో కొంత నిజమవుతుంది, కొంత కాదు.

ఇవాళ నేను చెప్పబోయేది సరిగ్గా ఇలాంటి సంగతే. కాకపోతే ఆ పందిరి వేస్తున్నది అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్లాండో అనే ఊళ్ళో. లెక్కలు కట్టేది సినిమా అభిమానులు. "ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకమ్మా?" అంటారేమో. మనలో ఎంతమంది పిల్లలు అక్కడ కాపురాలు చేస్తున్నారో మీకు తెలుసు. అక్కడి మనవలూ మనవరాళ్ళూ ఫోనులో మాట్లాడే మాటలు మనకు అర్థం కావద్దూ? పైగా ఇందులో డబ్బూ, సెలవులూ, వాటికంటె విలువైనవీ ముడిపడి ఉన్నాయి. అదెలాగో నాకు అనుభవం మీద తెలిసింది. ముందు అసలు సంగతి చెప్పి, ఆ మాట తరువాత చెబుతాను.

మా మనవడికి తొమ్మిదేళ్ళు. ఆదివారం వచ్చిందంటే వీడియోలో కనబడతాడు. ఒకసారి "అమ్మమ్మా! తలుపుల రైడ్ వస్తోంది తెలుసా?" అన్నాడు. "తలుపుల రైడ్ ఏమిట్రా నాయనా?" అన్నాను. అంతే, గంటసేపు వదల్లేదు. నాకు అర్థమైనంత వరకూ మీకు చెబుతాను.

అక్కడి థీమ్ పార్కుల్లో రైడ్ అంటే మన ఎగ్జిబిషన్‌లో ఎక్కే రంగులరాట్నం, జెయింట్ వీల్ లాంటిది మాత్రమే కాదు. చాలా రైడ్‌లకు ఒక కథ ఉంటుంది, అదీ తరచు సినిమా కథే. బండిలో కూర్చుంటే ఆ సినిమాలోకి మనం వెళ్ళినట్టే ఉంటుంది. రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టింగుల మధ్య తిరిగినవాళ్ళకు కొంత ఊహకు అందుతుంది. ఈ పార్కుల్లో రెండు పెద్ద సంస్థలున్నాయి. ఒకటి డిస్నీ, వీళ్ళు 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచారు. రెండోది యూనివర్సల్, వీళ్ళు ఆర్లాండోలో 1990లో పార్కు తెరిచారు.

మా వాడు చెప్పిన తలుపుల కథ 2001లో వచ్చిన 'మాన్‌స్టర్స్ ఇంక్' అనే బొమ్మల సినిమాలోది. అందులో రాక్షసుల ఫ్యాక్టరీ ఒకటుంది. పిల్లల పడకగదుల తలుపులు లెక్కలేనన్ని, పైన పట్టాలకు వేలాడుతూ పరుగులు తీస్తుంటాయి. ఆ తలుపులు పట్టుకుని పాత్రలు పారిపోయే ఘట్టం చూసినప్పటినుంచీ "దీన్ని రైడ్ చేస్తే ఎంత బాగుంటుంది!" అని అభిమానులు అనుకుంటూనే ఉన్నారు. చివరకు 2024 ఆగస్టులో డిస్నీ వారు ఆర్లాండోలోని హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో ఆ రైడ్ కడతామని ప్రకటించారు. కాని పార్కులో ఏ మూల కడతారో చెప్పలేదు! ఇక చూసుకోండి. ఫలానా చోట అని కొందరు, కాదు ఫలానా చోట అని కొందరు. మపెట్స్ బొమ్మల ప్రదర్శన ఉన్న చోటు తీసేస్తారని కొందరు భయపడ్డారు, ఆ బొమ్మలంటే వాళ్ళకు ప్రాణం. నవంబరులో సంస్థవారే చెప్పారు, మపెట్స్ ఉన్నచోటే కడతామని. 2025 జూన్‌లో ఆ భాగం మూసేశారు. భయపడ్డవాళ్ళ ఊహే నిజమైంది.

మరి సంస్థ నోరు విప్పకుండా వీళ్ళకు ఆనవాళ్ళు ఎక్కడ దొరుకుతాయి? మన పందిరి గుంజల్లాంటివే వాళ్ళకూ ఉన్నాయి.

మొదటిది అనుమతి కాగితాలు. అక్కడ పెద్ద కట్టడం కట్టాలంటే స్థానిక ప్రభుత్వానికి కాగితాలు దాఖలు చెయ్యాలి. వాననీరు ఎటు పోతుందో కూడా పటం గీసి చూపించాలి. ఆ కాగితాలు ఎవరైనా చూడవచ్చు. రైడ్ పేరు ఉండదు, ఏదో మారుపేరు పెడతారు. కాని భవనం ఎంత పొడుగు, ఎంత వెడల్పు, కంట్రాక్టరు ఎవరు అన్నది తెలిసిపోతుంది. రెండోది పేటెంట్లు. కొత్త యంత్రం కనిపెట్టినవారు హక్కు కోసం దరఖాస్తు పెడితే, సాధారణంగా పద్ధెనిమిది నెలలకు అది ప్రచురిస్తారు. బండి ఎలా తిరుగుతుందో బొమ్మలతో సహా అందులో ఉంటుంది. మూడోది పైనుంచి తీసిన ఫోటోలు. హెలికాప్టరులో తిరిగి తీసేవాళ్ళున్నారు. నాలుగోది మూసివేత. బాగా నడుస్తున్న పాత ఆటను మూశారంటే ఏదో పెద్దదే వస్తోందని అర్థం. ఇక అయిదోది "లోపలివాళ్ళు చెప్పారు" అనే మాట. దీని విలువ మీకు నేను చెప్పనక్కరలేదు. "వాళ్ళ పనిమనిషి చెప్పింది" అన్నదానికి ఎంతో దానికీ అంతే.

ఈ ఆనవాళ్ళతో వాళ్ళు ఎంత దగ్గరగా వెళ్ళగలరో రెండు సంగతులు చెబుతాను. యూనివర్సల్ వారి పార్కులో షార్క్ చేప సినిమా 'జాస్' రైడ్ ఉండేది. 2012 జనవరి 2న దాన్ని మూసేశారు. ఆ చోట ఏం వస్తుందో చెప్పలేదు. అభిమానులు మాత్రం హ్యారీ పాటర్ అన్నారు. సంస్థవారు 2013 మే నెలలో ఔనన్నారు. 2014 జూలై 8న హ్యారీ పాటర్ కథలోని డయగాన్ ఆలీ వీధి అక్కడ తెరుచుకుంది.

రెండోది ఇంకా తమాషా అయినది. పక్క పార్కులో, రాక్షసబల్లుల సినిమా 'జురాసిక్ వరల్డ్' పేర 2020లో ఒక రోలర్‌కోస్టర్ పట్టాలు లేస్తున్నాయి. దాని శిఖరం 155 అడుగులు, అంటే సుమారు పదిహేనంతస్తుల మేడంత. పార్కుకు వచ్చిన ప్రతివాడికీ కనబడుతోంది. అయినా సంస్థ చాలాకాలం నోరు విప్పలేదు! అభిమానులు పట్టాల వంపులు చూసి బండి ఎక్కడ తలకిందులవుతుందో, ఎక్కడ దూకుతుందో బొమ్మలు గీసేశారు. చివరకు సెప్టెంబరు నెలాఖరున ప్రకటన వచ్చింది. 2021 జూన్ 10న వెలోసీకోస్టర్ పేరుతో తెరిచారు. గంటకు డెబ్భై మైళ్ళ వేగం. చూశారా, పెళ్ళికి విడిది కూడా దిగాక ఇచ్చిన శుభలేఖ లాంటిదన్నమాట.

మరి సంస్థలు ఎందుకంత గుట్టుగా ఉంటాయి? ముందే చెబితే, "వచ్చే ఏడాది కొత్తది తెరుస్తారుగా, అప్పుడే వెళదాం" అని ఈ ఏడాది రావలసినవాళ్ళు మానుకుంటారు. రెండోది, అనుకున్నవన్నీ జరగవు. చెప్పి మానేస్తే చెడ్డ పేరు.

అలా చెప్పి మానేసినదీ ఉంది. 2019 ఆగస్టులో డిస్నీ వారు తమ అభిమానుల సభలో, ఎప్‌కాట్ పార్కులో 'మేరీ పాపిన్స్' సినిమా మీద కొత్త ఆకర్షణ కడతామని ప్రకటించారు. ఆ పాత సినిమాలో నటించిన డిక్ వాన్ డైక్ వేదిక మీదికి వస్తే సభ అంతా చప్పట్లు. మరుసటి ఏడాది కరోనా వచ్చింది, పార్కులు మూతపడ్డాయి, ఆ పని ఆగిపోయింది. అది కట్టనేలేదు. అభిమానుల ఊహే కాదు, సాక్షాత్తూ సంస్థ వారి ప్రకటన కూడా జరిగిపోయిన పనితో సమానం కాదని దీనివల్ల తెలుస్తోంది. నిశ్చయ తాంబూలాలు పుచ్చుకున్న సంబంధాలే తప్పిపోతుంటాయి కదా!

పోనీ తెరిచారనుకుందాం. తెరిచినరోజునే ఎక్కేస్తామా? 1990లో యూనివర్సల్ వారి పార్కు తెరిచిన రోజున 'జాస్'తో సహా పెద్ద రైడ్‌లు మొరాయించాయి. 'జాస్'ను మళ్ళీ కట్టి 1993లో తెరిచారు. 2019 జూన్ 13న హ్యారీ పాటర్ కథలోని హాగ్రిడ్ మోటారుసైకిలు పేర కొత్త రోలర్‌కోస్టర్ తెరిస్తే, మొదటిరోజు క్యూ పది గంటల దాకా పోయింది. పది గంటలు! మనం తిరుపతిలో నిలబడ్డామంటే స్వామి కోసం నిలబడ్డాం. చంటిపిల్లలతో ఎండలో ఆట కోసం నిలబడ్డ తల్లుల్ని తలచుకోండి. ఆపైన ఎత్తు నియమం ఒకటుంది. ఆ హాగ్రిడ్ బండి ఎక్కాలంటే పిల్లవాడు 48 అంగుళాలుండాలి. వెలోసీకోస్టర్‌కు 51 అంగుళాలు. ఒక్క అంగుళం తక్కువైనా గుమ్మంలోనే ఆపేస్తారు. ఏడ్చే పిల్లవాణ్ణి ఓదార్చే పని ఎవరిదో మీకు తెలుసు.

ఇప్పుడు నా అనుభవం చెబుతాను. రెండేళ్ళ కిందట వేసవి సెలవులకు మా అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకుని రావాలనుకుంది. అప్పుడే ఎవరో వీడియోలో ఒక కొత్త రైడ్ ఆ వేసవిలోనే తెరుస్తున్నారని గట్టిగా చెప్పారట. పిల్లవాడు పట్టుపట్టాడు. "వచ్చే ఏడు వస్తాంలే అమ్మా" అంది అమ్మాయి. అల్లుడు సెలవు పెట్టాడు, హోటలుకు డబ్బు కట్టాడు. ఆ వేసవిలో ఆ రైడ్ తెరవలేదు. హోటలు డబ్బు తిరిగి రాలేదు. అది పోతే పోయింది.

కాని మా అత్తగారు ఆ వేసవిలో మనుషుల్ని గుర్తుపడుతూనే ఉండేవారు. మునిమనవడికని సున్నుండలకు మినుములు దగ్గరుండి వేయించారు. మరుసటి ఏడు వాడొచ్చి "తాతమ్మా!" అని పక్కన కూర్చుంటే, ఆవిడ వాడి చెయ్యి నిమిరి, "ఈ అబ్బాయి ఎవరింటివాడే?" అని నన్నడిగారు. మా అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. నేనేమీ అనలేదు. ఎవర్ని అనాలి?

అందుకని ఊహలు చెయ్యవద్దని పిల్లలకు చెబుతామా? నేను చెప్పను. వారపత్రికల్లో సీరియల్ చదివేటప్పుడు వచ్చేవారం ఏమవుతుందో అని మనం మాత్రం ఊహించలేదా? ఆ వారం రోజుల ఊహే సగం ఆనందం. పైగా ఒక కాగితం చూసి, ఒక ఫోటో చూసి, దాన్నిబట్టి ఆలోచించడం పిల్లలకు మంచి చదువే. కావలసిందల్లా వాళ్ళకు ఊహను ఊహగా గుర్తించడం నేర్పడం.

నేను మా మనవడిచేత ఒక నోటుపుస్తకం పెట్టించాను. పేజీకి మూడు గళ్ళు. మొదటి గడిలో 'చూసింది', అంటే కాగితం, ఫోటో, సంస్థ వారి మాట. రెండో గడిలో 'అనుకుంటున్నది', అంటే వాటినిబట్టి తేల్చుకున్నది. మూడో గడిలో 'కావాలనుకున్నది'. ఏ వార్త వచ్చినా ఏ గడిలో రాయాలో వాడే తేల్చాలి. మొదట్లో అన్నీ మొదటి గడిలోనే రాసేవాడు. ఇప్పుడు మూడో గడే నిండుతోంది. "ఇది నా కోరికే అమ్మమ్మా" అని నవ్వుతాడు.

తల్లులు గుర్తుంచుకోవలసింది కూడా అంతే. తెరిచే తేదీ సంస్థవారు స్వయంగా చెప్పేదాకా డబ్బు కట్టకండి. కడితే, రద్దు చేసుకుంటే తిరిగి ఇచ్చే పద్ధతిలోనే కట్టండి. తెరిచిన మొదటి వారాల్లో పిల్లల్ని తీసుకుపోకండి. బయలుదేరేముందు గుమ్మం దగ్గర నిలబెట్టి ఎత్తు కొలవండి. అన్నిటికంటె ముఖ్యం, రైడ్ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఎక్కవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలో ఆ మాట అనుకోవడానికి లేదు.

కిందటి ఆదివారం మా వాడు పుస్తకం తెరిచి చూపించాడు. "తలుపుల రైడ్ నా పుట్టినరోజుకు తెరుస్తారు" అన్నది మూడో గడిలో ఉంది. "డిసెంబరులో తాతమ్మ దగ్గరికి వెళుతున్నాం" అన్నది మొదటి గడిలో రాశాడు.

"అదింకా జరగలేదుగా, మొదటి గడిలో ఎలా రాశావురా?" అన్నాను.

"టికెట్లు చూశాను అమ్మమ్మా, అమ్మ కొనేసింది" అన్నాడు.