రోదసీ ప్రయాణికునికి గాయమైతే బాధ్యులెవరు?

విజయవాడలో జన్మించిన శ్రీ తోటకూర గోపీచంద్ 2024 మే 19వ తేదీన మరి ఐదుగురితో కలిసి, అమెరికాలోని పశ్చిమ టెక్సాస్ నుండి బ్లూ ఆరిజిన్ సంస్థవారి న్యూ షెపర్డ్ నౌకలో నూరు కిలోమీటర్ల ఎత్తు దాటి వెళ్లి, సుమారు పది నిమిషాలలో తిరిగి నేలకు దిగినారు. దిగునపుడు మూడు పారాచ్యూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకొనలేదు. మిగిలిన రెండింటి ఆధారంతోనే నౌక క్షేమంగా నేలను తాకినది. తెలుగువాడు ఆకాశపుటంచులు చూసి వచ్చినాడని మనమందరమూ సంతోషించినాము. కాని ఆ రెండవ పారాచ్యూటు కూడా మొరాయించి, లోపలివారిలో ఒకరి వెన్నెముక విరిగి ఉండినచో ఆ నష్టాన్ని ఎవరు భరించవలసి ఉండెడిది?

ఈ ప్రశ్న లోతు తెలియాలంటే ముందు కాజీపేట జంక్షనుకు వెళ్లాలి. అక్కడ టికెట్టు కొని రైలెక్కిన మనిషి ఆ రైలు పట్టాలు తప్పి గాయపడితే, 1989 నాటి రైల్వే చట్టంలోని 124వ సెక్షను ప్రకారం రైల్వేవారు పరిహారం చెల్లించవలసినదే. తప్పు రైల్వేదా కాదా అనే విచారణతో దానికి నిమిత్తం లేదు. ప్రాణమే పోయినచో ఆ మొత్తం 2017 నుండి ఎనిమిది లక్షల రూపాయలు. విమానం విషయమూ ఇటువంటిదే. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరినది. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే ఆ ఒప్పందంలోని 26వ అధికరణం చాలా గట్టిది. "నాకేమైనా జరిగితే మీ బాధ్యత లేదు" అని ప్రయాణికునిచేత ముందుగా వ్రాయించుకొన్నా ఆ వ్రాత చెల్లదు.

రోదసీ యానంలో న్యాయం సరిగా తలక్రిందులైనది. 2004లో సవరించిన అమెరికా చట్టం నౌకలో కూర్చున్న వ్యక్తిని 'ప్రయాణికుడు' అని పిలువనే పిలువదు, 'అంతరిక్ష యానంలో పాల్గొనువాడు' అంటుంది. ఈ మాట మార్పు చిన్నది కాదు. ప్రయాణికుడంటే తనను క్షేమంగా చేర్చమని ఇతరులకు అప్పగించుకొన్నవాడు. పాల్గొనువాడంటే సాహసంలో వాటాదారు. కనుకనే సంస్థ అతనికి ప్రమాదాలను వ్రాతపూర్వకంగా తెలుపవలెను. తెలియని ప్రమాదాలు కూడా ఉండవచ్చుననీ, ఈ నౌక సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదనీ చెప్పవలెను. ఆపైన అతని సమ్మతి సంతకం తీసుకొనవలెను. యానం చేసే మనుషుల క్షేమం కొరకు నౌకల నిర్మాణంపై కొత్త నిబంధనలు విధించే అధికారాన్ని కూడా అక్కడి శాసనసభ చాలావరకు 2028 జనవరి 1 వరకు నిలిపివేసినది.

రాష్ట్రాల చట్టాలు మరొక అడుగు ముందుకు వేసినవి. న్యూ మెక్సికో 2010లోను, టెక్సాస్ 2011లోను చేసిన శాసనాల ప్రకారం సమ్మతిపత్రంపై సంతకం చేసినవాడు సాధారణ అజాగ్రత్తకు దావా వేయజాలడు. ఘోర నిర్లక్ష్యమో, బుద్ధిపూర్వకమైన హానియో రుజువైనచో దారి కొంత తెరచుకొనును. న్యూ మెక్సికో నుండి 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్లిన మన తెలుగు ఆడపడుచు బండ్ల శిరీష ఆ సంస్థ ఉద్యోగిని. ఉద్యోగులకు జరిగే హానికి నియమాలు వేరు.

ఈ పరిశ్రమ పసిబిడ్డ, వ్యాజ్యాల బరువు ఇప్పుడే మోపరాదని సంస్థల వాదన. అందులో కొంత నిజమున్నది. 2014 అక్టోబరు 31న కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిపై వర్జిన్ గెలాక్టిక్ వారికై నిర్మించిన నౌక పరీక్షా యానంలో ముక్కలై ఒక పైలట్ మరణించినాడు, మరొకరు గాయపడినారు. ఇది ఇంకా రైలంతటి స్థిరమైన విద్య కాదు. అయినను ఉర్దూలో సమ్మతిని రజామందీ అంటారు. తెలిసి, మనసారా ఒప్పుకొనుట అని దాని భావం. పారాచ్యూటు మడతను స్వయంగా పరీక్షించలేనివాడు, 'తెలియని ప్రమాదాలకు' ఏ మేరకు రజామందీ ఇచ్చినట్లు? ఎత్తుకు ఎగిరే ప్రమాదాన్ని అతడు కోరి తెచ్చుకొన్నాడని ఒప్పుకొందాము. మడతపెట్టినవాని అజాగ్రత్తను కూడా కోరుకొన్నాడనుట మాకు సమంజసంగా తోచదు.

అంతర్జాతీయ న్యాయం ఇక్కడ పెద్దగా ఆదుకొనదు. 1972 నాటి బాధ్యతా ఒప్పందం ప్రకారం నౌక శకలం నేలమీది అన్యదేశీయునిపై పడితే ప్రయోగించిన రాజ్యమే పూర్తి పరిహారం ఇవ్వవలెను. కాని దాని 7వ అధికరణం ఆ రాజ్యపు పౌరులను, నౌక నిర్వహణలో పాల్గొంటున్న విదేశీయులను మినహాయించినది. డబ్బిచ్చి సీటులో కూర్చున్నవాడు నిర్వహణలో పాల్గొన్నట్లా అన్నది పండితుల మధ్య నేటికీ తెగని వివాదం.

మన దేశానికి వత్తాము. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థవారి విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి ఎగిరినది. అందులో మనుషులు లేరు. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా వెలువడినది గాని శాసనం కాలేదు. 2023 నాటి అంతరిక్ష విధానం విధానమే గాని చట్టం కాదు. ఇక్కడ అటువంటి సమ్మతిపత్రం కోర్టుకెక్కితే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 23వ సెక్షనును ఆశ్రయించవలసి వచ్చును. బలాబలాలు సమానం కాని పక్షాల మధ్య అన్యాయపు షరతులు చెల్లవని సుప్రీంకోర్టు 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో తీర్పునిచ్చినది. అయితే అది ఉద్యోగం కోల్పోయిన వ్యక్తి కేసు. వినోదానికై భారీ రుసుము చెల్లించి రాకెట్టు ఎక్కే ధనికుని బలహీన పక్షమని న్యాయమూర్తులు అంగీకరింతురా? ఆ తీర్పు ఎదుట సంస్థ తరపు వకీలు మొదట వేయబోయే ప్రశ్న అదే.