మంచె మీది యంత్రనేత్రము

అడవిపందుల మంద రాత్రివేళ చేనిలో బడినచో, ఒక్క జాములో ఒక కుటుంబముయొక్క యేటి కష్టము మట్టిపాలగును. విజయపురి సౌత్ చుట్టుపట్ల రైతులకు ఈ మాట వివరింప నక్కఱలేదు. ఒకవంక సాగర జలాశయము, వేఱొకవంక నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల రక్షితవనము గలవు. దేశములోని పులుల వనములలో విస్తీర్ణమున నిదియే పెద్దది. అడవి చెంత సేద్యము చేయువానికి రాత్రి కావలి తప్పదు. అయినను మంచెపై తెల్లవార్లు మేలుకొని యుండువారు నేడు సులభముగా దొరకుట లేదు. కావున కావలికి సాయపడగల యొక క్రొత్త సాధనమునుగూర్చి మన సభ్యులకు దెలుపదలచితిమి.

ఈ సాధనము కెమెరాయు, దానితో గూడిన చిన్న కంప్యూటరును. వేలకొలది చిత్రములను జూపి ఇది పంది, ఇది ఎద్దు, ఇది మనుష్యుడు అని దానికి ముందుగా నేర్పుదురు. ఈ విధముగా నేర్పుటకే డీప్ లెర్నింగ్ అని పేరు. నేర్చిన పిదప నది క్రొత్త చిత్రమును జూచి, అందున్న ప్రాణి యెద్దియో పోల్చుకొనును.

అయితే ఈ పోల్చుకొనుట యెచ్చట జరుగవలెను? దూరపు పట్టణములలోని పెద్ద కంప్యూటరులందా, లేక చేనిగట్టుననేనా? గట్టుననే జరుగు పద్ధతిని ఎడ్జ్ కంప్యూటింగ్ అందురు. మంచెమీది కావలివాడు కనబడిన ప్రతి పిట్టకును ఊరిలోనికి కబురంపడు. తానే చూచి, తానే యోచించి, అవసరమైనప్పుడే కేకవేయును. యంత్రమును నట్లే యుండవలెను.

ఏల యనగా, వీడియో యన్నది వేగముగా మాఱు నిశ్చలచిత్రముల వరుస. సెకనుకు 30 చొప్పున దినమునకు 25,92,000 చిత్రములగును. 1920 చుక్కల వెడల్పును 1080 చుక్కల ఎత్తును గల ఒక్క రంగుల చిత్రము, కుదింపనిచో, 62 లక్షల బైటులకు మించును. కుదించి పంపినను, సెల్‌ఫోను సిగ్నలు సరిగా నందని యడవియంచున నీ భారము సాగదు, వ్యయమును అధికము. పంపినవానిలో పనికివచ్చునవియు స్వల్పమే. 2018 నాటి అఖిలభారత పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలుంచగా 3,48,58,623 చిత్రములు వచ్చినవి. అందు పులులవి 76,651 మాత్రమే. అనగా సుమారు 455 చిత్రములకు ఒక్కటి. తూర్పార బట్టకయే కళ్ళములోని పొట్టునంతను బండికెత్తి యింటికి దోలు రైతెవ్వడైన గలడా?

చిన్న యంత్రమునకు బలము తక్కువ, బ్యాటరీ తక్కువ. అందుచేత శాస్త్రజ్ఞులు దాని పనిని పలువిధముల తేలిక చేసిరి. మొదటిది, ప్రాణి కదలికను దేహపు వేడిమిని కనిపెట్టు సాధనము మేల్కొలుపువఱకు కెమెరా నిద్రించుట. రెండవది, సెకనుకు ముప్పది చిత్రములకు మాఱుగా ఒక్కటియే పరిశీలించుట. పంది ఒక్క సెకనులో చేను దాటిపోదు గదా. మూడవది, ఒత్తుగా మొలచిన పైరును పలుచన చేసినట్లు, యంత్రపు బుద్ధిలో నక్కఱలేని లంకెలను దీసివేయుట. నాలుగవది, 32 బిట్ల అంకెలకు బదులు 8 బిట్ల అంకెలతో లెక్కించుట. దీనివలన నాక్రమించు చోటు నాల్గవవంతునకు దిగును. గూగుల్ పరిశోధకులు 2017 లో ప్రకటించిన మొబైల్‌నెట్ అను పద్ధతి లెక్కల పనిని ఎనిమిది తొమ్మిదిరెట్లు తగ్గించియు, ఖచ్చితత్వమును కొలదిగా మాత్రమే కోల్పోయెను.

ఇది కేవలము ఊహ కాదు. మధ్యప్రదేశమున కన్హా, పెంచ్ వనముల నడుమ ట్రెయిల్‌గార్డ్ అను కెమెరాను పరీక్షించి, ఫలితములను 2023 లో బయోసైన్స్ పత్రికయందు ప్రకటించిరి. ఆ కెమెరా తనలోని చిప్పుతోనే పులిని గుర్తించి, పనికివచ్చు చిత్రమును మాత్రమే సెల్‌ఫోను మార్గమున నధికారులకు బంపెను.

అయినను యంత్రమును గ్రుడ్డిగా నమ్మరాదు. మంచులోను, వానలోను, అద్దముపై దుమ్ము పేరుకొన్నప్పుడును నది పొరబడును. ఊరకుక్కను పంది యనవచ్చును. పందిని జూడకయు పోవచ్చును. మన యడవి జంతువుల చిత్రములతో నేర్పని యంత్రము మన చేలలో మఱింత తప్పు చేయును. కొనుటకు ముందు అమ్మువానిని నాలుగు ప్రశ్న లడుగవలెను. సిగ్నలు లేనప్పు డిది పనిచేయునా? ఒక బ్యాటరీ యెన్ని రాత్రులు వచ్చును? దీనికి మన ప్రాంతపు జంతువులను నేర్పితిరా? దారిన బోవు స్త్రీపురుషుల చిత్రము లెవరికి జేరును? ఈ కడపటి ప్రశ్న చిన్నది కాదు. మనుష్యుల చిత్రములు యంత్రమునందే చెఱిపివేయబడుట మేలు.

ఒక్కొక్క రైతు విడిగా కొనుట భారము. సంఘము పక్షమున ఒకటి రెండింటిని అడవి ప్రక్క చేలలో నమర్చి, ఒక పంటకాలము పరీక్షింపవలెనని మా సలహా. ఒక పుస్తకమున మూడు గళ్ళు గీయుడు: యంత్రము నిజముగా హెచ్చరించిన రాత్రులు, వృథాగా హెచ్చరించిన రాత్రులు, హెచ్చరింపకయే పందులు వచ్చిన రాత్రులు. మూడవ గడియే దాని యసలు వెలను దెల్పును.

కడపట నొక మాట. పందులకై చేనిచుట్టు కరెంటు తీగ పఱచుట నేరము. ఆ తీగ పందిని, పులిని, ప్రొద్దున నీరుపెట్టబోవు కొడుకును వేఱుగా నెఱుగదు. చూచి పోల్చుకొనగల కన్ను వేఱు, చూడక చంపు తీగ వేఱు. యంత్రము హెచ్చరించినను లేచి కేకవేయవలసినది మనమే. కాని రాత్రియంతయు మేలుకొనుటకు బదులు, పిలిచినప్పుడే లేచు భాగ్యము కలిగిన నదియే మేలు. సభ్యులు రాబోవు సమావేశమున దీనిని చర్చింతురుగాక.