కాలిఫోర్నియాలోని జాతీయ చారిత్రక చిహ్నాలు

ఒక దేశం తన గతంలో దేనిని భద్రపరచుకొన్నదో, దేనిని శిథిలం కానిచ్చినదో పరిశీలించినచో, ఆ ప్రజల విలువలు కొంతవరకు అవగతమవుతాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రభుత్వ గుర్తింపు పొందిన జాతీయ చారిత్రక చిహ్నాలు 2,600కు పైగా ఉన్నవి. అందులో 140కి పైగా పశ్చిమ తీరంలోని కాలిఫోర్నియా రాష్ట్రంలోనే కలవు.

ఈ విధానానికి పునాది 1935 నాటి చారిత్రక స్థలాల చట్టం. తొలి చిహ్నాల ప్రకటన 1960లో జరిగింది. నేషనల్ పార్క్ సర్వీస్ వారు స్థలాన్ని పరిశీలించి నివేదిక సమర్పించగా, మంత్రి హోదా గల ఇంటీరియర్ శాఖ కార్యదర్శి గుర్తింపును ప్రకటిస్తారు. ఆ స్థలానికి యావద్దేశ చరిత్రలో ప్రాముఖ్యం ఉండవలెను. దాని పూర్వరూపం చాలవరకు నిలిచి ఉండవలెను.

అయితే ఈ గుర్తింపునకు గల బలం పరిమితమైనది. మన దేశంలో 1958 నాటి చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. అమెరికాలో మాత్రం ప్రైవేటు యజమాని తన సొంత ధనంతో తన కట్టడాన్ని మార్చుకొన్నను కేంద్ర ప్రభుత్వం సాధారణంగా అడ్డుపడదు. కేంద్ర నిధులో, అనుమతులో అవసరమైన పనుల విషయంలో మాత్రమే, 1966 నాటి చట్టం ప్రకారం, చారిత్రక స్థలానికి కలుగు హానిని ముందుగా విచారింపవలసి ఉంటుంది. కావున అక్కడ ప్రజల శ్రద్ధయే అసలు రక్షణ అనదగును.

కొలోమా అను గ్రామం 1961లో గుర్తింపు పొందినది. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ అక్కడి నదీ తీరాన బంగారాన్ని కనుగొన్నాడు. లోకం నలుమూలల నుండి జనం ఆ ప్రాంతానికి పరుగెత్తిరి. అచటి ఆదివాసులకు మాత్రం అది వినాశకాలమైనది. బంగారు గనుల వలన వెలసి, తరువాత నిర్జనమైన బోడీ పట్టణం కూడ 1961లోనే ఈ జాబితాకు ఎక్కింది. అక్కడి ఇండ్లను కొత్తవిగా తీర్చిదిద్దరు. కూలిపోకుండ మాత్రమే కాపాడుతారు.

లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ గోపురాల కథ చిత్రమైనది. ఇటలీ నుండి వలస వచ్చిన శ్రామికుడు సైమన్ రోడియా, ఉక్కు కడ్డీలతో, సిమెంటుతో, పగిలిన పెంకులతో, సీసాలతో, గవ్వలతో సుమారు 33 సంవత్సరాలు ఒంటరిగా శ్రమించి వాటిని నిర్మించాడు. నగర అధికారులు అవి ప్రమాదకరమని కూల్చివేతకు ఆదేశించిరి. పౌరులు అభ్యంతరం తెలుపగా 1959లో 10,000 పౌండ్ల బలంతో లాగి పరీక్షించిరి. గోపురాలు చెక్కుచెదరలేదు. 1990లో వాటికి జాతీయ గుర్తింపు లభించినది.

ఏంజెల్ దీవి చరిత్ర మనకు మరింత సమీపమైనది. 1910 నుండి 1940 వరకు అక్కడి వలస కేంద్రంలో ముఖ్యంగా చైనీయులను, వారితోపాటు జపనీయులను, భారతీయులను నిర్బంధించి విచారించిరి. చైనీయులు తమ వేదనను కవితలుగా చెక్క గోడలపై చెక్కిరి. కేంద్రం మూతపడిన పిదప ఆ భవనం కూల్చివేతకు సిద్ధమైనది. 1970లో అలెగ్జాండర్ వైస్ అను ఉద్యానవన ఉద్యోగి ఆ అక్షరాలను చూచి, వాటి విలువను లోకానికి తెలిపాడు. ఆసియా సంతతివారు ఉద్యమింపగా 1976లో రాష్ట్ర ప్రభుత్వం 2,50,000 డాలర్లు మంజూరు చేసినది. 1997లో జాతీయ గుర్తింపు వచ్చినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సంతతివారిని, అధిక సంఖ్యాకులు అమెరికా పౌరులే అయినప్పటికీ, పది శిబిరాలలో నిర్బంధించిరి. అందులో ఒకటైన మంజనార్ 1985లో చారిత్రక చిహ్నమైనది. 1988లో అమెరికా ప్రభుత్వం చట్టపూర్వకంగా క్షమాపణ చెప్పి, జీవించి ఉన్న బాధితులకు ఒక్కొక్కరికి 20,000 డాలర్ల పరిహారం ప్రకటించినది.

బంగారం దొరికిన తావునకు 1961లో లభించిన గౌరవం, అన్యాయం జరిగిన తావులకు లభించుటకు దశాబ్దాలు పట్టినది. తన కీర్తిని భద్రపరచుకొనుట ఏ జాతికైనను సులభమే. తన తప్పిదానికి సాక్ష్యమైన గోడను నిలబెట్టుకొనుటకు నైతిక ధైర్యం కావలెను. ఆ గోడపైని అక్షరాలను ఒక సామాన్య ఉద్యోగి గమనించి ఉండకపోతే అవి నేడు ఉండెడివి కావు. చరిత్రను అభ్యసించే విద్యార్థులు ఈ సంగతిని మనస్సునందుంచుకొనుట అవసరం.