విమానానికి కళ్లెం చేతిలోని రిమోటే!

మైలవరం: కోతలయి బీడుపడిన వరిపొలం, సాయంత్రం గాలి నెమ్మదించే వేళ. చిన్న విమానం ఒకటి సొంతంగా ఎగరేయాలని ఏ కుర్రాడికి ఉండదు? అయితే చాలామంది ముందు రెక్కల అందం చూసి విమానం కొంటారు. చేతిలో పట్టుకునే రిమోట్ సంగతి ఆ తర్వాత ఆలోచిస్తారు. ఇది కోడెను కొని ముకుతాడు మరచిపోవడం వంటిది. రెక్క విరిగితే జిగురుతో అతికించుకోవచ్చు. రిమోట్ మాట వినకపోతే మాత్రం పొలంలో ఉన్నవారి తలలకే ముప్పు.

ఈ విద్య ఈ ప్రాంతానికి పరాయిది కాదు. 1998లో మైలవరంలో ఏర్పడిన లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కళాశాలలో విమాన విద్యకు ప్రత్యేక శాఖ వెలిసింది. ఇక్కడి కొండల్లో పుట్టిన బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు, మేడలపై చిక్కుకున్నవారికి డ్రోన్లు ఆహారం అందించడం అందరూ చూశారు. మరుసటి నెల 22న కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఆకాశాన వెలిగాయి. ఇవన్నీ చూసిన కుర్రకారుకు గాలిలో ఏదో ఒకటి ఎగరేయాలన్న కోరిక కలగడం సహజమే. దానికి తొలి మెట్టు సరైన రిమోట్‌ను ఎంచుకోవడం.

బొమ్మ రిమోట్ వేరు

తిరునాళ్లలో దొరికే బొమ్మ విమానాల రిమోట్‌లో చాలావరకు మీట నొక్కితే మోటారు తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. నడిమి స్థితి అంటూ ఉండదు. విమానం ఎగరేయడం నేర్చుకునేవారికి కావలసింది ఇది కాదు. స్టిక్‌ను ఎంత కదిపితే విమానం తోకపై పలక అంతే కదలాలి. ట్రాక్టరు యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ వేగం పెరిగినట్టు ఉండాలి. పైగా బొమ్మ రిమోట్ ఆ బొమ్మకే పరిమితం. అది విరిగితే రిమోట్ కూడా అటకెక్కవలసిందే.

ఒక్కో పనికి ఒక్కో చానల్ కావాలి. మోటారు వేగానికి ఒకటి, ముక్కు పైకెత్తి దించే ఎలివేటరుకు ఒకటి, తోకను పక్కలకు తిప్పే చుక్కానికి ఒకటి, రెక్కలను వాల్చే ఎలిరాన్ పలకలకు ఒకటి. మొదటి మూడింటితోనే ఎగిరే శిక్షణ విమానాలు ఉన్నాయి. నాలుగూ ఉంటే పూర్తి విమానం. ఆరు చానళ్ల రిమోట్ తీసుకుంటే కొన్నేళ్ల వరకు వెలితి ఉండదు. పది, పన్నెండు చానళ్ల కోసం అప్పు చేయనక్కరలేదు.

దాపట ఏది, వలపట ఏది?

రిమోట్‌పై రెండు స్టిక్‌లు ఉంటాయి. రెండవ మోడ్‌లో మోటారు వేగం, చుక్కాని ఎడమ చేతికి వస్తాయి. ఎలివేటరు, ఎలిరాన్ కుడిచేతికి వస్తాయి. మొదటి మోడ్‌లో వేగం, ఎలిరాన్ కుడిచేతికి, ఎలివేటరు, చుక్కాని ఎడమ చేతికి ఉంటాయి. ఏది మేలన్న వాదన అనవసరం. నేర్పేవారు ఏ మోడ్‌లో ఎగరేస్తారో అదే కొనాలి. ఒకసారి చేయి అలవాటు పడ్డాక మార్చడమంటే, ఏళ్ల తరబడి దాపట కట్టిన ఎద్దును ఒక్కసారిగా వలపటికి మార్చి దుక్కి దున్నినట్టే.

కాలువ ఒకటి, తూములు అనేకం

వెనుకటి రిమోట్‌లు 27, 35, 72 మెగాహెర్ట్జ్‌ల వద్ద పనిచేసేవి. లోపల క్రిస్టల్ అనే చిన్న బిళ్ల ఉండేది. మైదానంలో ఇద్దరి దగ్గర ఒకే సంఖ్య క్రిస్టల్ ఉండి, ఇద్దరూ ఒకేసారి రిమోట్ వేస్తే గాలిలో ఉన్న విమానం నేల కూలేది. ఒకే తూము నీటికి ఇద్దరు రైతులు ఒకే గంటలో మడి కట్టినట్టు ఉండేది వ్యవహారం. అందుకే మైదానంలో ఒక బోర్డు పెట్టి, ఆ సంఖ్య గల క్లిప్పు ఎవరి చేతిలో ఉంటే వారే రిమోట్ వేయాలన్న వంతు పాటించేవారు.

ఇప్పటి రిమోట్‌లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వద్ద నడుస్తున్నాయి. చాలా రకాల్లో సంకేతం ఒకచోట నిలవకుండా క్షణక్షణం స్థానం మారుస్తుంది. కనుక పక్కవారి రిమోట్‌తో పేచీ బాగా తగ్గింది. నిర్ణీత శక్తి లోపు పనిచేసే పరికరాలకు ఈ బ్యాండులో లైసెన్సు అక్కరలేదని కేంద్రం 2005లో ప్రకటించింది. పాత సరకు చౌకగా వస్తోందని క్రిస్టల్ రిమోట్ కొనడం వల్ల లాభం లేదు.

అయితే ఈ సంకేతం చూపు వలె తిన్నగా పోతుంది. మామిడి తోట అడ్డొస్తే బలహీనపడుతుంది. యాంటెన్నా కొనను తుపాకిలా విమానం వైపు గురిపెట్టడం కొత్తవారు చేసే పొరపాటు. కొన వైపే సంకేతం అతి తక్కువ. యాంటెన్నాను విమానానికి అడ్డంగా ఉంచాలి.

సంకేతం తెగితే?

కొనేముందు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఇదే. సంకేతం తెగినప్పుడు మోటారు దానంతట అదే ఆగిపోవాలి. దీన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. కొన్ని రిసీవర్లలో కొన్నవారే దీన్ని అమర్చుకోవాలి. అమర్చకపోతే మోటారు చివరి వేగంతోనే తిరుగుతూ, విమానం కనుచూపు మేర దాటి ఎవరి ఇంటి మీదనో పడవచ్చు.

దీని పరీక్ష సులువు. ఫ్యాను రెక్క ఊడదీసి, విమానాన్ని గట్టిగా పట్టుకుని, మోటారును కొద్దిగా తిప్పి, రిమోట్ ఆపాలి. మోటారు ఆగితే సరి. లేకుంటే ఆ పూట విమానం ఇంట్లోనే ఉండాలి. ఎగరేసేటప్పుడు ముందు రిమోట్ వేసి తర్వాత విమానం బ్యాటరీ కలపాలి. దించాక ముందు బ్యాటరీ తీసి చివరన రిమోట్ ఆపాలి. ఈ వరుస తప్పితే వేళ్లు తెగే ప్రమాదం ఉంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

చేతిలో ఉన్న కొద్ది సొమ్ములో మంచి వాటా రిమోట్‌కే దక్కాలి. విమానాన్ని ఫోమ్ పలకలతో ఇంట్లోనే కోసి అతికించుకోవచ్చు. రిమోట్ మాత్రం విమానాలు మారినా నిలుస్తుంది. పలు విమానాల అమరికలను గుర్తుంచుకునేది అయితే మరీ మంచిది. ఒక కంపెనీ రిమోట్ భాష మరో కంపెనీ రిసీవర్‌కు సాధారణంగా అర్థం కాదు. ఫ్లైస్కైకి ఫ్లైస్కై భాష, ఫుటాబాకు ఫుటాబా భాష. రేడియోమాస్టర్ వంటివారి కొన్ని రకాలు పలు భాషలు మాట్లాడతాయి. కనుక రిమోట్‌తో పాటు దాని రిసీవర్లు సులువుగా, చౌకగా దొరుకుతాయా అని విచారించాలి.

కంప్యూటరుకు కలిపే వీలుందో లేదో చూడడం మరువరాదు. తెర మీది విమానం వంద సార్లు కూలినా రూపాయి నష్టం లేదు. విమానం ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. చాలామంది తొలి విమానం ఇక్కడే పోతుంది. ఆ తికమక తెరమీదే తీరిపోవడం మేలు.

చట్టం సంగతి

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనలు రెక్కల విమానాలకూ వర్తిస్తాయి. వాటి ప్రకారం 250 గ్రాముల లోపు నానో తరగతి, 2 కిలోల లోపు మైక్రో. నానోకు, వ్యాపారం కాని మైక్రోకు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ఎగరేయవచ్చు. విమానాశ్రయం హద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే. సంక్రాంతికి గన్నవరం వైపు బంధువుల ఇళ్లకు విమానంతో వెళ్లే కుర్రాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్ షరతులు, జోన్ల పటం ప్రభుత్వ డిజిటల్ స్కైలో చూసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక ఎగరేసే ముందు మళ్లీ చూడడం మంచిది.

ఇది ఉత్త కాలక్షేపం కాదు. ఆ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైనవారు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పూర్తిచేసి పైలట్ సర్టిఫికెట్ పొందవచ్చు. మహిళా సంఘాలకు 15,000 డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది. పొలంలో మందు కొట్టే డ్రోన్ చేతిపెట్టెకూ అవే రెండు స్టిక్‌లు. నేడు ఫోమ్ విమానంపై కుదిరిన చేయి రేపు కూడు పెట్టవచ్చు.

అన్నింటికీ మించి కావలసింది గురువు. రెండు రిమోట్‌లను తీగతో కలిపి, శిష్యుడు తడబడితే గురువు అందుకునే ఏర్పాటు చాలా రిమోట్‌లలో ఉంది. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నమూనా విమానాల శిక్షణ ఉన్నదే. కళాశాలల పెద్దలు పూనుకుని, కరెంటు తీగలు లేని మైదానంలో ఆదివారం పూట పల్లె పిల్లలకు రెండు గంటలు చూపిస్తే చాలు. కొనబోయే పిల్లలకు సొమ్ము కలిసొస్తుంది. పొలంలో కలుపు తీసే కూలీలకు నెత్తిన భయం తప్పుతుంది.